పాప జుట్టు నేను కత్తిరించలేదు

బాలల సంరక్షణ అధికారి గారి సముఖమునకు, క్షౌరశాల నడుపుకొను ఒక తండ్రి పెట్టుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ సంరక్షణ గృహంలో ఉంచిన మా ఐదేళ్ల పాపను తిరిగి అప్పగించుట, అంతవరకు ఆమెకు పాలు ఇవ్వకుండుట గురించి.

మేడ మీద అద్దెకుండే అక్కగారు ఫిర్యాదు చేయగా, తమ సిబ్బంది మొన్న సోమవారం మా ఇంటికి వచ్చి, పాపను హింసిస్తున్నామని నిర్ధారించి తీసుకొనిపోయినారు. అక్కగారి మీద నాకు కోపం లేదు. రోజూ ఆ ఏడుపు వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది. తమ నివేదికకు నా జవాబులు ఈ క్రింద మనవి చేసుకొనుచున్నాను.

1. జుట్టు కురచగా కత్తిరించి పిల్లను అవమానపరచినట్లు వ్రాసినారు. నేను ఊరందరి జుట్టూ కత్తిరిస్తాను గానీ, మా పాప తలకు ఈనాటివరకు కత్తెర తగలనివ్వలేదు. ఆ వెంట్రుక దానంతటదే విరిగిపోతుంది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ భూతద్దం కింద పెట్టి చూపించింది. వెదురు గణుపుల్లా ఉన్నది. గణుపు దగ్గర పుటుక్కున తెగుతుంది. "నాన్నా, నాకెప్పుడు జడేస్తావ్?" అని అడుగుతుంది. ఏమని చెప్పను?

2. ఒంటి మీద కాల్చిన గుర్తులున్నవని వ్రాసినారు. పాప పుట్టడమే ఒళ్లంతా ఎర్రగా, పొరలు పొరలుగా లేస్తూ పుట్టింది. నీళ్లు తగిలితే మంట, అందుకే స్నానమంటే ఏడుస్తుంది. చేతులకు మేజోళ్లు తొడిగి కట్టినది శిక్షగా కాదు. కట్టకపోతే నిద్రలో రక్తం కారేలా గోక్కుంటుంది.

3. "మీరిద్దరూ బానే ఉన్నారుగా, పిల్లకీ జబ్బెక్కణ్ణుంచి వచ్చింది?" అని తమ గుమాస్తాగారు నా భార్యను అడిగినారు. జుట్టుదీ ఒంటిదీ ఒకటే జబ్బట, అది మా ఇద్దరి నుంచే వచ్చినది. నాలో సగం లోపం, ఆమెలో సగం లోపం దాగి ఉన్నవట. సగమే కాబట్టి మాలో బయటపడలేదు, పాపకు రెండు సగాలూ చేరినవి. పాపకు ముందు పుట్టిన బాబు, జబ్బు పేరైనా మాకు తెలియకముందే పోయినాడు. గుమాస్తాగారు ఆ మాట అడిగిన దగ్గర్నుంచి నా భార్య అన్నం ముట్టలేదు.

4. తిండి పెట్టక మాడ్చినట్లు వ్రాసినారు. మేము పెట్టకపోవడం కాదయ్యా, ఆ జబ్బు వల్ల దానికి పడకపోవడం. పాలు, గుడ్డు, పల్లీలు ఏది తగిలినా పెదాలు వాచి, దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోతుంది. పక్కింటి పిల్ల పెట్టిన బిస్కెట్టు ముక్కకే ఒకసారి నీలంగా మారిపోయింది. నిన్న గేటు దగ్గర మీ ఆయమ్మ ఎంతో ప్రేమగా చెప్పింది: "మీ పిల్ల పాలు తాగనని మొండికేస్తోందయ్యా. రేపు ఒళ్లో కూచోబెట్టుకుని నేనే తాగిస్తాలే. పుల్లలా ఉంది, కాస్త కండ పట్టాలి కదా."

"వద్దమ్మా, చచ్చిపోతుంది!" అని అరిచాను, అప్పటికే ఆమె లోపలికి వెళ్లిపోయింది. తాగొచ్చాననుకుని కాపలావాడు బయటికి నెట్టాడు. తమ ఆఫీసుకు పరుగెత్తితే తమరు మీటింగులో ఉన్నారన్నారు. డాక్టరమ్మ చీటీ చూపిస్తే "అర్జీ పెట్టుకో" అన్నారు. పెట్టుకుంటున్నాను. అది మొండితనం కాదయ్యా, భయం.

కావున తమరు విచారణ ఎంతకాలమైనా జరుపుకొనండి, ముందుగా వంటగదికి ఒక్క మాట చెప్పించండి. ఈ నాలుగు ముక్కలూ కన్నతండ్రి మొరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాప తండ్రి

తా.క.: ఇది ఇవ్వడానికి వస్తుంటే దారిలోనే కబురు తెలిసింది. పొద్దున తాగించేశారట. రెండు గుక్కలే. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. సూది మందు వేశారు, ఊపిరి ఆడుతోంది. ఆయమ్మ నా భార్య భుజం మీద పడి ఏడుస్తోంది. "నీ తప్పు కాదక్కా, నీకెవరూ చెప్పలేదు" అని నా భార్యే ఓదారుస్తోంది. కానీ పాప మీ అధీనంలో ఉందని, మీ సంతకం లేనిదే మమ్మల్ని లోపలికి పంపేది లేదంటున్నారు. తలుపవతల "అమ్మా" అంటోంది. మాకు వినపడుతోంది. ఇంటికి పంపే సంగతి మీ ఇష్టం, పైన రాసిందంతా అవతల పారేయండి. వాళ్లమ్మను మాత్రం లోపలికి పంపండి. కింద చోటు వదిలాను, సంతకం పెట్టండి.