రాజుల వీధిలో పక్కింటి మేనా

పాలకొల్లు, 1898 ఆషాఢం

చిరంజీవి బుల్లిరాజుకి మేనత్త అచ్చాయమ్మ దీవించి రాయడం. ఇక్కడ నేను క్షేమం. పక్కింటి వాళ్ల సంగతి చెప్పలేను.

మన రాజుల వీధిలో ఆడవాళ్లం గడప దాటం, పరాయి మగాడి కంట పడం. అంచేత ఒక మనిషి మాయమైనా వీధికి తెలీదు. నాకు మాత్రం తెలిసింది. పల్లంరాజు గారి భార్య సుభద్రాయమ్మ గారు ఆ ఇంట్లో లేరు. నెల్లాళ్లుగా చాకలికి ఆవిడ చీర ఒక్కటీ పడలేదు. చూడ్డానికి వస్తానని కబురు పెడితే, ఒంట్లో బాగాలేదు, ఎవరినీ చూడరన్నారు. మరి శుక్రవారం శుక్రవారం తెరలు దించిన మేనా గుడికెలా వెళ్తోంది? ఆవిడ మంచి ఒళ్లున్న మనిషి. బోయీలేమో ఆయాసం లేకుండా కబుర్లాడుకుంటూ మోస్తున్నారు.

నువ్వు ప్లీడరువి. ఏం చెయ్యాలో రాయి.

నీ అత్తయ్య

తా.క.: నిన్న పల్లంరాజు గారు సున్నుండలు పంపారు. నేను ముట్టుకోలేదు. పనిమనిషి చిట్టెమ్మకి పెట్టాను. ఇవాళ చిట్టెమ్మ పనిలోకి రాలేదు.

*

రాజమండ్రి

పూజ్యులైన అత్తయ్య గారికి బుల్లిరాజు నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా.

జబ్బు చేసిన మనిషి చిక్కిపోతారండి. బోయీలకి ఆ మేరకు సుఖం. మీరు కిటికీ మూసి కాస్త నడుం వాల్చండి. ఈ మాట మాత్రం ఎవరితోనూ అనకండి, దండం పెడతాను.

విధేయుడు, బుల్లిరాజు

తా.క.: చిట్టెమ్మ వచ్చిందాండి?

*

పాలకొల్లు

చిరంజీవి బుల్లిరాజుకి దీవెనలు.

చిట్టెమ్మ వచ్చింది. చెల్లెలింట్లో పేరంటమట. సున్నుండలు ఇంకా ఉన్నాయా అనడిగింది. అంటే నాకు వేరే ఎత్తు వేస్తున్నారన్నమాట.

నిన్న వాళ్ల పెరట్లో అరటిచెట్ల పక్కన లోతుగా గొయ్యి తవ్వించారు. పల్లంరాజు గారు అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నారు. హంతకుడైనా గారు అనక తప్పడం లేదు, అలవాటు.

నోరు మూసుకోమంటావేంటి నువ్వు? సుభద్రాయమ్మ గారూ నేనూ ఒకే ఏడు ఈ వీధికి కాపురానికొచ్చాం. గోడకి అటొకరం ఇటొకరం నిలబడి ముప్పై ఏళ్లు మాట్లాడుకున్నాం. ఇప్పుడు గోడ అవతల చప్పుడు లేదు. నాకు అన్నం సయించడం లేదు. ఇన్‌స్పెక్టరుకి కబురంపాను. సోమవారం జవాన్లతో వచ్చి ఇల్లంతా సోదా చేస్తాడు.

నీ అత్తయ్య

తా.క.: గొయ్యి పూడ్చి పైన గోంగూర విత్తనాలు చల్లారు. ఆ ఇంటి గోంగూర నేను జన్మలో తినను.

*

రాజమండ్రి

అత్తయ్య గారికి నమస్కారాలు. ఈ ఉత్తరం మనిషికిచ్చి పడవలో పంపుతున్నాను. సోదా ఆపించండి.

సుభద్రాయమ్మ గారు మా ఇంట్లో ఉన్నారు. కడుపులో గడ్డ లేస్తే ఇక్కడి మిషను ఆసుపత్రిలో డాక్టరు దొరసాని కోసి తీసింది. కిరస్తానీ నర్సు ప్రసన్నకుమారి చేతి గంజి తాగి ఆవిడ బతికారు. గొయ్యి వాళ్ల ముసలి కుక్కకి. ఆవిడ ఊళ్లోనే ఉన్నట్టు కనబడాలని మేనా ఖాళీగా తిప్పుతున్నారు.

మీకు ముందే చెబుదును. కానీ దొరసాని మందు తాగిందని పోయినేడు అచ్చిబాబు గారి కోడల్ని వెలివేయించింది ఎవరండి? పోలీసులు లోపలికొస్తే గుట్టు బయటపడుతుంది. చావు తప్పించుకున్న మనిషికి ఇల్లు లేకుండా పోతుంది.

బుల్లిరాజు

తా.క.: ఆ వీధిలో ఆవిడ భయపడేది మీకొక్కరికే. కళ్లు తెరిచాక మొదట అడిగింది కూడా మిమ్మల్నే.

*

పాలకొల్లు

చిరంజీవి బుల్లిరాజుకి దీవెనలు.

ఇన్‌స్పెక్టరుని వాకిట్లోనే ఆపించాను. నాకు మతి చలించిందని తలుపు చాటు నుంచి నేనే చెప్పాను. ఆయన వెంటనే నమ్మేశాడు. కాస్త బాధేసింది.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఆవిడ బతికినందుకు కొంత, నాకోసం కొంత. నాకూ గడ్డ ఉంది నాయనా. ఎక్కడన్నది నీకు రాయలేను, నీ భార్యకి చెబుతాను. రెండేళ్లుగా ఎవరికీ చూపలేదు. వైద్యుడు మగాడు. దొరసాని దగ్గరికి వెళ్దామంటే, వెళ్లిన వాళ్లని వెలివేయించేది నేనేనాయె. ప్రాణం పోతే పోనీలే అనుకున్నాను. ఇప్పుడు చావాలని లేదు. కోసేటప్పుడు బాగా నొప్పెడుతుందా, సుభద్రాయమ్మ గారిని అడిగి ఉంచు. రేపటి పడవకి బయల్దేరుతున్నాను. పల్లంరాజు గారే దగ్గరుండి ఎక్కిస్తామన్నారు.

నీ అత్తయ్య

తా.క.: ఎదురింటి అప్పాయమ్మ గారు పొద్దుటి నుంచి కిటికీ వదల్లేదు. ఆవిడ అన్నగారు కాకినాడలో పోలీసు రైటరు. పల్లంరాజు గారు నన్ను చంపేశారని ఆవిడ రాసేలోపు ఆ కోసేదేదో కోసి పంపించెయ్యండి.