రెండుసార్లు అడిగింది

భువనగిరి,
ఆదివారం.

రాణికి,

మల్లికార్జున్ రాసేది. ఇక్కడ మామ, నేను కులాసా. నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావని అనుకుంటున్నాం. ఈ కులాసా అన్న మాటను మాత్రం పూర్తిగా నమ్మకు. ఉత్తరం మొదట్లో అందరూ రాస్తారని నేనూ రాశాను.

నీ ఉత్తరం అందింది. పోలీసు ట్రైనింగ్‌లో ఫోన్లు గుంజుకుని ఉత్తరాలు రాయిస్తున్నందుకు మీ సార్లకు దండం పెట్టాలి. ఇవాళ నీకు చెప్పాల్సింది ఫోన్‌లో అయితే నా నోటినుంచి వచ్చేది కాదు. "ఆఁ, తిన్నవా, సరే మరి" అని పెట్టేసేవాణ్ణి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బాపు గొంతు ఆపరేషన్ గాయం మానింది. మాట మాత్రం గుసగుసగానే వస్తోంది. మునుపటి గొంతు ఇక రాదని దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ మాత్రం నవ్వి, "ఇన్నేండ్లు ఒర్రిన గదా డాక్టరు సాబ్, సాలు తియ్" అన్నాడు. గోళీలు వేళకు వేసుకుంటున్నాడు. నేను కాచిన జావ చూసి "గిది మనుషులు తాగుతరా?" అని ముఖం ముడుస్తాడు, అయినా తాగుతాడు. అత్తమ్మ మేకలను వదిలి రానని ఊళ్లోనే ఉంది. బూట్లు కరిచి కాళ్లు పొక్కాయన్నావు. ఒకదాని మీద ఒకటి రెండు సాక్సులు వేసుకో, సిగ్గుపడకు.

ఇక అసలు సంగతి. "ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లు జవాబిచ్చారా? మా గ్లోరీ మేడం చట్టం క్లాసు చెప్తుంది, ఆమెను అడిగాను. కంప్లైంట్ రాయొచ్చన్నది. బాపు కథలన్నీ మింగిన వాళ్లను ఊరికే వదలొద్దు. నువ్వు ఫికర్ పడకు, నీ తప్పేముంది" అని రాశావు. ఆ చివరి మాట చదివాక ఆ పూట నాకు అన్నం పోలేదు.

రాణీ, ఆ సాఫ్ట్‌వేర్ గురించి నీకు మొదటినుంచీ చెప్పాలి. మన దుకాణంలో పెన్‌డ్రైవ్‌లకూ చిప్‌లకూ పాటలు ఎక్కించి ఇచ్చేటప్పుడు ఏ పాట ఎక్కడుందో దొరక్క గిరాకీలు వెనక్కి పోతున్నారని నీకు తెలుసు. పాటలన్నిటినీ సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉచితంగా దొరుకుతుందంటే వెతికాను. దించుకునే ముందు వాడినవాళ్ల అభిప్రాయాలన్నీ కూర్చుని చదివాను. ఒకాయన, పెళ్లయిన కొత్తలో మా ఇల్లు ఇలాగే ఉండేది, అన్నీ దొరికేవి అని రాశాడు. ఇంకొకాయన పాట పక్కన బొమ్మలు రావడం లేదని రెండు నక్షత్రాలు కోశాడు. ఒకావిడ మాత్రం, ఒకే పాట రెండుమూడుసార్లు ఉంటే ఇది పట్టిస్తుంది, కానీ పేరు చూసి నమ్మకండి, తీసేసే ముందు విని చూడండి అని రాసింది. అది చదివి నవ్వుకున్నాను. పదేళ్లుగా కంప్యూటర్ దుకాణం నడుపుతున్నవాడికి ఈమె చెప్పొచ్చిందా అనుకున్నాను. నా పొగరు నీకు తెలియనిదా!

మామ ఒగ్గు డోలు పట్టుకుని ఊరూరా మల్లన్న కథ చెప్పిన రోజుల్లో నువ్వు వెంట తిరిగి ఫోన్‌లో రికార్డు చేసుకున్నావు. ఏ ఇంటి ముందు చెప్తే ఆ ఇంటివాళ్ల పేర్లు, వాళ్ల పెద్దల పేర్లు, చివరికి వాళ్ల గొర్రెలమందను కూడా కథలో కలిపి దీవించేవాడు. కాబట్టి ఒక ఇంటి కథ ఇంకో ఇంటిది కాదు. కానీ దుకాణం కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు అన్నిటికీ నువ్వు ఒకటే పేరు పెట్టావు, మల్లన్న కథ అని. ఏ ఊరిదో ముందు రాయవే అంటే, "దేవుని పేరు ముంగట ఇంకో పేరు పెట్టం మేము" అన్నావు. నువ్వు ట్రైనింగ్‌కు పోయే రోజు కూడా బస్సు మెట్టు మీద నిలబడి "పేరు ఒక్కటే గని కథ ఒక్కటి గాదు, జర పైలం" అని చెప్పిపోయావు. నేను తలూపాను.

తలూపినవాణ్ణే ఏం చేశానో విను. మన గిరాకీ కమలాకర్ సినిమా పాటలు ఎక్కించుకోవడానికి వచ్చాడు. తెర మీద పైనుంచి కిందిదాకా మల్లన్న కథ, మల్లన్న కథ అని కనబడేసరికి పకపకా నవ్వాడు. "ఏందే అన్నా, అత్తగారిల్లంత కంప్యూటర్ల దిగినట్టుందిగా!" అన్నాడు. దుకాణంలో ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. రాణీ, డోలు చప్పుడంటే నాకు చిన్నతనంగా అనిపించింది. ఇది నీకు ఎన్నడూ తెలియనివ్వలేదు. సాఫ్ట్‌వేర్ మామ కథలన్నిటినీ ఒకటేనని చూపించింది. ఒకటి ఉంచి మిగతావి తీసేయాలా అని అడిగింది. అవునన్నాను. ఇక తిరిగి రావు, నిజంగానే తీసేయాలా అని మళ్లీ అడిగింది. అవి ఒకటి కావని నాకు తెలుసు. తెలిసే అవునని నొక్కాను.

వైరస్ లేదు, మన్ను లేదు. నొక్కింది నేను.

మర్నాడు సత్తమ్మ చిప్ పట్టుకుని వచ్చింది. మామ వాళ్ల వాకిట్లో చెప్పిన కథ కావాలంది. అందులో ఆమె భర్త పరశురాం పేరు ఉంది. అప్పుడు ఆయన బతికే ఉన్నాడు, పేరు వినబడగానే ఈల వేశాడట, ఆ ఈల కూడా అందులో ఉంటుందట. "సాఫ్ట్‌వేర్ తిన్నదవ్వా" అన్నాను. "అయ్యో, నీ తప్పేముంది బిడ్డా, మిషన్లకు ఏం ఎరుక" అని నన్నే ఓదార్చి పోయింది. మామతోనూ అదే మాట అన్నాను, నీకూ అదే రాశాను. ఆడిన అబద్ధానికి ఆసరా కావాలి కదా. ఆ సాఫ్ట్‌వేర్ పేజీలోకి పోయి నేనూ నా అభిప్రాయం రాశాను. ఇది దొంగ సాఫ్ట్‌వేర్, అడగకుండానే మా మామ గొంతును చెరిపేసింది, ఎవరూ దించుకోకండి అని. ఒక్క నక్షత్రం ఇచ్చాను. చదివినవాళ్లంతా నా మీద జాలిపడ్డారు. ఆ సాఫ్ట్‌వేర్ చేసినాయన్ను నోటికొచ్చినట్టు తిట్టారు.

ఆయన జవాబు ఆ పూటే వచ్చింది. నువ్వు అడిగావు కదా, ఇచ్చారు రాణీ. క్షమించమన్నాడు. పోయినవాటిని తిరిగి తెచ్చే దారి ఉందన్నాడు. కంప్యూటర్ వెంటనే ఆపేయండి, అందులో కొత్తగా ఏదీ ఎక్కించకండి, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి, నేను దగ్గరుండి సాయం చేస్తాను అని రాశాడు. ఉన్నదున్నట్టు చెప్పాలంటే నేను నొక్కానని చెప్పాలి. అంతమంది ముందు ఎట్లా చెప్పేది? జవాబు రాయలేదు. కంప్యూటర్ ఆపితే మామ ఎందుకని అడుగుతాడని ఆపలేదు. కొత్త సినిమా పాటలు వస్తే మామ కథలు ఉన్న చోటనే ఎక్కించాను. ఇప్పుడు వేరేవాళ్లకు చూపిస్తే ఇక ఏమీ మిగల్లేదన్నారు. నీ ఫోన్‌లోవి ముందే చెరిపి జాగా చేసింది కూడా నేనే. నొక్కడం ఒక పాపం రాణీ. దాచడం అంతకన్నా పెద్ద పాపం. నిజం చెప్పి ఉంటే పరశురాం ఈల దొరికేది.

మిగిలింది ఒక్కటే. అన్నిట్లో శబ్దం శుభ్రంగా ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్ ఉంచింది. అది మన పెళ్లప్పుడు చెప్పిన కథ. "నా అల్లుడు మాట మీద నిలబడెటోడు, వాని ఇల్లు సల్లగుండాలె" అని మామ దీవించాడే, అది. రోజూ దుకాణంలో కూర్చుని అదే పెట్టించుకుంటాడు. ఆ ముక్క వచ్చేసరికి ఎవరో గిరాకీ వచ్చినట్టు లేచి సౌండ్ తగ్గిస్తున్నాను.

ఇంతకాలం మామ ఊరుకున్నాడని అనుకోకు. కథ చెప్పిన ఇంటికి మాట బాకీ ఉండొద్దని బస్సెక్కి ఒక్కొక్క ఊరికీ పోతున్నాడు. మీ కథ పోయింది, మా అల్లుని తప్పు లేదు, మిషన్ తిన్నది అని ఆ గుసగుస గొంతుతోనే ప్రతి ఇంట్లో చెప్పి వస్తున్నాడు. ఇవాళ పొద్దున ఆలేరు దిక్కు పోతానని రుమాలు చుట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే ఇక నావల్ల కాలేదు. గడపలో అడ్డం నిలబడ్డాను. "మామా, మిషన్ తినలే. నేనే తీసేసిన. రెండుసార్లు అడిగింది. అవునన్న" అన్నాను. ఆ సాఫ్ట్‌వేర్ ఆయన జవాబు సంగతి కూడా చెప్పాను.

మామ రుమాలు విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. ఆ గుసగుసతోనే అన్నాడు.

"కథలు పోతె పోనీ. రేపు నేను గూడ పోయెటోన్నే. గని గింత గొంతు మిగిలింది సూడు, దాంతోని ఊరూరు తిప్పి అబద్ధం ఆడిచ్చినవ్ గదరా నాతోని."

కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. జావ కూడా తాగలేదు. కాసేపటికి మళ్లీ రుమాలు చుట్టుకుని, "నడువ్. మొదలు సత్తమ్మ ఇంటికి. ఇయ్యాల నువ్వు చెప్పు, నేను పక్కన కూసుంట" అన్నాడు.

ఆయన బయట అరుగు మీద నాకోసం చూస్తున్నాడు. నేను లోపల ఇది రాస్తున్నాను. ఇందాక ఆ పేజీలో నా అభిప్రాయం మార్చాను. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు అడిగింది, తప్పు నాది, దీన్ని చేసినాయన మంచివాడు అని రాసి ఐదు నక్షత్రాలు ఇచ్చాను. ఆయనకు క్షమాపణ కూడా రాశాను, జవాబు ఇంకా రాలేదు. కంప్లైంట్ మాత్రం మానకు. గ్లోరీ మేడంను అడిగి, నేరం చేసినవాడి పేరు దగ్గర నా పేరు రాయి. నువ్వు తిట్టదలుచుకుంటే ఉత్తరంలోనే తిట్టు, మామకు కూడా చదివి వినిపిస్తాను.

మామ పిలుస్తున్నాడు. ఆ గొంతు గడప దాటి లోపలికి రావడం లేదు. చేత్తో తలుపు కొడుతున్నాడు.

ఇట్లు,
మాట మీద నిలబడతాడని మీ బాపు దీవించిన
నీ పెనిమిటి,
మల్లికార్జున్