పాత కేబుల్ గెలిచింది

కార్ల్స్‌రూహె, గురువారం రాత్రి

గెలిచాను! దక్షిణ అమెరికా నుంచి వచ్చిన నేవీ కమాండర్ కళ్ళముందే, వాళ్ళ ఓడలోంచి తీసి పంపిన ముప్పై ఏళ్ళనాటి కేబుల్ గుండా టెస్ట్ ఇంజన్ వేడి మా కొత్త స్క్రీన్ మీద కనిపించింది. ఒక్క అంకె కూడా తప్పలేదు.

వాళ్ళ నేవీకి కొత్త ఓడలు కొనే స్తోమత లేదు. ఉన్న మూడింటికీ వైరింగంతా మార్చాలన్నాడు మా బాస్. అలా మారిస్తే వాళ్ళ బడ్జెట్ ఒక్క ఓడతోనే అయిపోతుంది. పాత కేబుళ్ళు ఉంచేసి, చివర్లలో పాత సిగ్నల్‌ని కొత్త స్క్రీన్‌కి తగ్గట్టు మార్చే చిన్న కన్వర్టర్ పెట్టెలు బిగిద్దామని ఆరు నెలలుగా నేనొక్కడినే మొత్తుకున్నాను. ఈరోజు బాస్ స్క్రీన్ మీది అంకెలు రెండుసార్లు సరిచూసుకున్నాడు. పక్క సీటు సునీత మాత్రం, "ఏం జేసినవ్ అన్నా! ఒక్కదాని పైసలల్ల మూడు ఓడలు అయితయ్!" అని అందరి ముందూ తెలుగులోనే అరిచేసింది.

కానీ మేం పరీక్షించింది ఒక ముక్కని, అదీ ఈ పొడి గదిలో. ఓడ అడుగున ఉప్పు తేమలో నానుతున్న మిగతా కేబుల్ సంగతి...

కమాండర్ అది పసిగట్టినట్టున్నాడు. "ఓడని బాగుచేసినవాళ్ళు మొదటి ప్రయాణంలో మాతో రావడం మా ఆచారం. వస్తారా?" అన్నాడు. వెంటనే వస్తానన్నాను.

ఈత రాదని మాత్రం చెప్పలేదు. రేపు పొద్దున్నే స్విమ్మింగ్ క్లాసుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోవాలి.