నలభై ఆరో నంబరు శనగలు

ఆళ్లగడ్డ దగ్గర,
14 సెప్టెంబరు 2025.

చిరంజీవి షాహీదాకు,

రామేశ్వరమ్మ ఆశీర్వదించి రాయునది. నంద్యాలలో నువ్వూ, మీ అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను గానీ, మా ఇంట్లో మూడు నెలలుగా క్షేమం లేదు. కారణం మీ పరిశోధన కేంద్రం నుంచి నువ్వు పంపిన కాగితం. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్‌లో అయితే మధ్యలో నాకు కోపం వచ్చి పెట్టేస్తాను, అందుకే ఉత్తరం.

మార్చిలో నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? పాత శనగ విత్తనం ఎవరి దగ్గరున్నా ఒక దోసెడు కావాలని కోయిలకుంట్ల నుంచి చాగలమర్రి దాకా తిరుగుతున్నానన్నావు. మొలకెత్తించి, లేత ఆకు గిల్లి, అందులోని జన్యువులు చదివితే, ఎండు తెగులును తట్టుకునే గుణం ఉందో లేదో పొలంలో వేయకముందే తెలుస్తుందన్నావు. ఉంటే ఆ గుణాన్ని బాగా కాసే రకంలోకి ఎక్కిస్తామన్నావు. అప్పుడు నువ్వు రోజాలో ఉన్నావు. అంత ఎండన పడి వచ్చి గుక్కెడు మజ్జిగ కూడా తాగకుండా పోయావు. ఆ సంగతి నా మనసులో ఇంకా ఉంది.

ఆ రోజు మా ఆయన రంగయ్య ఇంట్లో లేడు. సాయంత్రం వచ్చాక నీకు విత్తనం ఇచ్చి పంపానని చెబితే సంబరంతో ఆయన ముఖం చూడాలి! వాళ్ల నాయన కాలంలో ఒక ఏడు ఊరంతా శనగ నిలువునా ఎండిపోతే వీళ్ల చేను ఒక్కటే పచ్చగా నిలిచిందట. ఎకరాల్లో వేసేది అంగట్లో కొన్న రకమే, దానికి కాపు ఎక్కువ. కానీ ఆ పాత విత్తనాన్ని కూడా ఏటా నాలుగు సాళ్లు వేసి, వచ్చిన గింజను బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తి దాస్తాడు. నలభై ఏళ్లుగా ఇదే పని.

జూన్‌లో రైతుల మీటింగు పెట్టారు. మా ఊరి వ్యవసాయ సహాయకుడు బెన్నీ నీ కాగితం చదివాడు. నలభై ఆరో నంబరు సంచి, రంగయ్యది, అంగట్లో దొరికే రకమేనట. పాతదీ కాదు, తెగులును తట్టుకునే గుణమూ లేదట. అందరూ నవ్వారు. అంగట్లో కొన్నదానికి మీ నాయన పేరు పెట్టినావేందప్పా రంగన్నా, అని ఒకడు అన్నాడట. ఆయన ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు.

వచ్చే నెల శనగ విత్తాలి. ఈసారి ఆ నాలుగు సాళ్లు వేయనంటున్నాడు. కుండ దించి బేడలు పట్టించుకో పో, అన్నాడు నాతో. ఆ విత్తనం ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు షాహీదా. ఆ కుండలోవి పప్పుగా మరపట్టిస్తే ఇక అంతే, ఎంత వెతికినా దొరకదు. నాకు దిగులుగా ఉంది.

వందల సంచులు తెచ్చుకున్నావు. ఎక్కడో చేతులు మారి ఉంటాయి. మనుషులే కదా, ఒప్పుకుంటే తప్పేముంది? మీ పై అధికారికి కూడా ఇదే సంగతి వేరే కాగితం మీద రాసి పెట్టాను. నువ్వు ఈ నెలలోనే మళ్లీ వచ్చి విత్తనం తీసుకుపో, మళ్లీ పరీక్ష చెయ్.

ఇట్లు,
నీ మేలు కోరే
రామేశ్వరమ్మ

తా.క.: నేను కవరు కోసం లోపలికి పోయి వచ్చేసరికి మా ఆయన రెండు ఉత్తరాలూ చదివేశాడు. పై అధికారికి రాసింది చించేశాడు. ఆ పిల్ల ఉద్యోగంతో నీకేందే ఆట, కుండ మూతికి నేను మాఘమాసంలో మెత్తిన పేడ మెత్తినట్లే ఉండాదే, మరి ఆ పిల్లకు ఏం పోసి పంపితివి, అని అడిగాడు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆ రోజు నీకు పోసింది అంగడి శనగలు. పాతవి సన్నగా, నల్లగా, బూడిద కొట్టుకుని ఉంటాయి. ఇంటికొచ్చిన ఆడపిల్ల ఏమీ తాగకుండా పోతుంటే, చేతిలో అవి పోయడానికి నాకు మనసు రాలేదు. లావుగా నిగనిగలాడేవి చాటలో ఏరి పోశాను. శనగలు శనగలే కదా అనుకున్నాను. కాగితం వచ్చాక తెలిసింది గానీ చెప్పడానికి నోరు రాలేదు. నీ మీదికి తోశాను. తప్పు నాది, నన్ను క్షమించు.

ఎప్పుడు తెలిసిందని ఆయన్ని అడిగాను. మీటింగు నుంచి వచ్చిన పొద్దే కుండ చూసినా, అన్నాడు. అప్పుడే అందరికీ చెప్పొచ్చు కదా అంటే, నలుగుర్లో నీ పేరు యాడ చెప్పేది, అన్నాడు. బేడలు పట్టించమన్నది కూడా అందుకేనట. అట్లయినా నువ్వు నోరు తెరుస్తావని మూడు నెలలుగా చూస్తాండా, అన్నాడు.

కుండ మూత ఆయనే పగలగొట్టాడు. కవరు మానేసి పార్శిల్ కట్టాం. గుడ్డ మూటలో ఉన్నవి అసలువి. బూడిద కూడా దులపలేదు.

మొదటి సంచిలో గింజలేమైనా మిగిలి ఉంటే పారేయకు, వండుకో. నీ కోసం ఏరినవి.