తిరిగొచ్చిన రొయ్యలు

అనకాపల్లి,
12-3-2007

తమ్ముడు రోనాల్డ్, ప్రభువు దయవల్ల అందరం క్షేమం.

పైదేశం కోడిమాంసాన్ని మనవాళ్లు రానివ్వలేదన్న కోపంతో ఆ దేశంవాళ్లు మన రొయ్యలు వద్దన్నారట. రాంబిల్లి షెడ్డు మూసేశారు. మా కోడలు అక్సా ఆరేళ్లుగా అక్కడే రొయ్యలు ఒలిచేది. ఓడ ఎక్కక తిరిగొచ్చిన సరుకును ఒలిచినవాళ్లకే పంచిపెట్టారు. వండుకుని, ప్రార్థన చేసుకుని కూర్చున్నాం. అక్సా ముద్ద ఎత్తలేదు. "ఇన్నాళ్లూ ఒక్కటి నోట్లో ఎట్టుకోనివ్వనోళ్లు, ఇప్పుడు బుట్టెడిచ్చి పొమ్మన్నారత్తా" అని ఏడ్చింది.

మీ గొలుగొండలో జీడిపిక్కల పని ఏదైనా ఉంటే వెంటనే రాయి, అక్సాను పంపుతాను. అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నారా?

ఆదివారం పాస్టరు గారు రెండు దేశాల ఏలికల కోసం ప్రార్థించమన్నారు. మోకరించాను గానీ, నా నోట అక్సా పేరొక్కటే వచ్చింది.

పిల్లలకు దీవెనలు.

అక్క,
దీవెనమ్మ