రేకు కింద తడి చీర

రాజవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా మోకాళ్లు అరిగిపోయి, పగలంతా ఈ రేకుల గదే నాకు బందిఖానా.

ఇంజనీరింగు చదివే మన మనవరాలు స్వప్న, ఎండవేడితో కరెంటు పుట్టించే పట్టీ తెచ్చి, లోపలినుంచి రేకుకు అంటించి, చిన్న ఫ్యాను తగిలించింది. పట్టీ గుడ్డలా మడతపడుతుంది గానీ, ఆ వంకర అంచు చూస్తే, మన నేత రోజుల్లో నువ్వు మగ్గం మీదినుంచి దించనిచ్చేదానివి కాదు. ఫ్యాను తిరగలేదు.

“పట్టీకి ఒక దిక్కు వేడుంటే ఇంకో దిక్కు సల్లగుండాలె తాతా. నీ రేకుల అర్రల రెండు దిక్కులా పొయ్యి లెక్క వేడే!”

“గా ముచ్చట నీ పట్టీకి ఇయ్యాల్నే ఎరుకైందా బిడ్డా?”

నవ్వి, నీ చీర తడిపి పట్టీకి ఆనించి కట్టింది. రెక్కలు తిరిగాయి.

“కాలేజీకి పోయొస్త. చీర ఆరితె ఆగుతది, జర ఓర్చుకో,” అని వెళ్లింది.

లేచి తడపలేను. అంచులు అప్పుడే ఆరుతున్నాయి. ఫ్యాను ఆగేలోపు నీతో నాలుగు మాటలు చెప్పుకుందామని రాస్తున్నాను.