క్రీము డబ్బాకు ఏడు తరాలు

కోక్‌బులాక్, ఆగస్టు 2

అల్మాటీలోని అప్పాక్ క్రీముల కంపెనీ పెద్దలకు,

మీ పిల్లలూ మీ పశువులూ చల్లగా ఉన్నారని తలుస్తూ కోక్‌బులాక్ నుంచి బాల్‌జాన్ అపా రాస్తున్నది.

గురువారం సంతలో మీ క్రీము డబ్బా ఒకటి మా ఇంటికి వచ్చింది. మా ఇంటి పిల్ల కొనుక్కుంది. సెప్టెంబరు ఇరవైన దానికి పెళ్ళి. కుడి చెంప మీద గుర్రపు డెక్క ఆకారంలో ఎండ మచ్చ ఒకటుంది. పెళ్ళికూతురి ముసుగెత్తి మొహం చూపించే వేళకి అది చెరిగిపోవాలని దాని తాపత్రయం. మీ డబ్బా మీద "మూడు వారాల్లో వెన్నెల" అని రాసి ఉంది కదా.

డబ్బా తిరగేసి చూశాను. అడుగున చీమ కాళ్ళంత అక్షరాలతో పేర్లు. భూతద్దం పెట్టి లెక్కపెడితే ఇరవై తొమ్మిది. అరచేతిలో పట్టే డబ్బాలో ఇరవై తొమ్మిది మంది కాపురం. మా పెద్ద గుడారంలో కూడా అంతమంది గొడవ పడకుండా సర్దుకోలేరు. నేను నోరు వెళ్ళబెట్టి అలాగే కూర్చుండిపోతే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అయితే ఒక్క మాట. మా గడప తొక్కేది కోడలైనా, కొత్త గుర్రమైనా, ముందు ఏడు తరాల తాతల పేర్లు చెప్పాలి. మొహం మీద వచ్చి కూర్చునేవాడికి వేరే న్యాయం ఉండదు. కాబట్టి మీ ఏడుగురు తాతల పేర్లు రాసి పంపండి. అప్పటిదాకా డబ్బా పిండి బస్తా వెనక ఉంటుంది.

ఇట్లు,
బాల్‌జాన్ అపా

తా.క. పిల్ల మూడు రోజులు రాసుకుంది. తెల్లబడ్డట్టే ఉంది. నాలుగో రోజు చెంపలు చురచురమన్నాయి. అంటే, అన్నాయట.


అల్మాటీ, ఆగస్టు 9

గౌరవనీయులైన బాల్‌జాన్ అపా గారికి,

అప్పాక్ కంపెనీ ఉత్తరాల విభాగం నుంచి ఎర్కెబులాన్ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం చదివి మా డైరెక్టరు గారు కదిలిపోయారు. ఇన్నేళ్ళలో మాకు మూత ఊడిందని, రంగు మారిందని, మరదలికి నచ్చలేదని ఉత్తరాలు వచ్చాయే గాని, మీ తాతలెవరు బాబూ అని ఒక్కరూ అడగలేదట. కుర్చీలోంచి లేచి నిలబడి మరీ చెప్పారు, నేను రాసుకున్నాను. తండ్రి సాగింబెక్, ఆయన తండ్రి తోక్సాన్‌బాయ్, ఆపైన జనిబెక్, ఎలుబాయ్, కొజాకెల్డి, మింగ్‌బాయ్, అల్తాయ్. అల్బాన్ తెగ. ఆరో తాత దగ్గర కాస్త తడబడ్డారు. మేనత్తకు ఫోను చేసి సరిచూసుకున్నారు. పెళ్ళి వయసు వచ్చిన పిల్ల ఇంటి నుంచి ఈ ప్రశ్న వచ్చిందంటే దాని అర్థం ఏమిటో మేమూ ఎరుగుదుము.

ఇక చెంపల సంగతి. "చురచుర అనేది క్రీము పనిచేస్తోందనడానికి గుర్తు" అని మా దగ్గర అచ్చేసిన జవాబు ఉంది. దాన్ని జతపరుస్తున్నాను.

విధేయుడు,
ఎర్కెబులాన్

తా.క. డైరెక్టరు గారికి పెళ్ళయి పదహారేళ్ళయింది. నాకు ఇంకా కాలేదు. నా ఏడు తరాలూ ఈ కాగితం వెనక రాశాను.


కోక్‌బులాక్, ఆగస్టు 16

నాన్నా ఎర్కెబులాన్,

నీ ఇల్లు వెచ్చగా, నీ కడుపు నిండుగా ఉండాలి. ఉత్తరం అందింది.

మీ డైరెక్టరుది మంచి వంశమే. ఆ జనిబెక్ మా ముత్తాతకు ఒక గుర్రాన్ని బహుమతిగా ఇచ్చి, మరుసటి ఏడాది తనే తోలుకుపోయాడు. అది వేరే సంగతి. కానీ బాబూ, మేము మొహానికి రాసుకోబోయేది మీ డైరెక్టరును కాదు. డబ్బాలో కాపురమున్న ఆ ఇరవై తొమ్మిది మంది తాతల్ని గురించి నేను అడిగాను.

ఎలా చెప్పాలో తెలియకపోతే మా నల్ల సబ్బును చూసి నేర్చుకో. దాని తండ్రి గొర్రె తోక కొవ్వు. తల్లి బూడిద నీళ్ళు. ఆ బూడిదకు తండ్రి చవిటినేలలో మొలిచే ఉప్పుమొక్క. ఆ కొవ్వు ఇచ్చిన పొట్టేలు తల్లిని మంచులోంచి నేనే వీపున మోసుకొచ్చాను. ఇంత తెలిసినా దాన్ని గుడ్డిగా నమ్మను. ఒక ఏడాది తొందరపడి ఆరకముందే వాడితే అరచేయి కాలి బొబ్బలెక్కింది. అందుకే చలికాలమంతా అటక మీద ఆరబెట్టి, ముందు మోచేతి లోపల రాసి, ఒక పూట ఆగి, ఆ తర్వాతే మొహం దాకా రానిస్తాను.

చురచురమంటే పనిచేస్తున్నట్టా? గాడిద తన్నినా చురచురమంటుంది. ఆ అచ్చేసిన కాగితంతో పొయ్యి రాజేశాను, అందుకు మాత్రం బాగా పనికొచ్చింది.

ఇట్లు,
బాల్‌జాన్ అపా

తా.క. నీ ఏడు తరాలు చూశాను. నీ నాలుగో తాతా నా రెండో తాతా ఒకరే. వరసకు నువ్వు నాకు మనవడివి. పిల్లకు పెళ్ళి కుదిరిందన్న సంగతి అటుంచినా, ఏడు తరాల లోపు తాత కలిస్తే మనలో పెళ్ళి చేయరు, కాబట్టి ఈ ఇంటి పిల్ల మీద ఆశ వదులుకో. అపా అనడంలోనే గౌరవం ఉంది, దాని తర్వాత ఆ "గారు" కూడా తీసెయ్యి.


అల్మాటీ, ఆగస్టు 25

అపా,

కాళ్ళకు దండం. మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. ఆ తర్వాత, సరదాకి ఒక్క పేరు పట్టుకు చూద్దామని కలిపే గదిలోకి వెళ్ళాను. నాలుగు రోజులైంది, ఇంకా బయటికి రాలేదనుకోండి.

మొదట గ్లిజరిన్ దొరికింది. దాని తండ్రి నూనె. అదెలా పుడుతుందో తెలుసా? కొవ్వునూ క్షారాన్నీ కలిపి కాస్తే ఒక పక్క సబ్బు, మరో పక్క ఈ తీపి నీళ్ళు విడిపడతాయి. అంటే మీ నల్ల సబ్బూ మా తెల్ల క్రీమూ దాయాదులు. నాలుగేళ్ళుగా ఆ డబ్బాల పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను, నాకీ సంగతి తెలియదు. ఇంకో పొడవాటి పేరుంది, పలకాలంటే రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. తవ్వుకుంటూ పోతే చివరికి కొబ్బరికాయ తేలింది. పొడవాటి పేరున్నదల్లా విషం కాదన్నమాట. "పరిమళం" అని పొట్టిగా ఒక పేరుంది. దాని వెనక నలభై మంది దాక్కున్నారు, వాళ్ళెవరో చెప్పరు. ఇంత ప్రపంచాన్ని ఇంత డబ్బాలో ఎలా పట్టించారా అని ముక్కున వేలేసుకున్నాను.

కానీ అపా, ముప్పయ్యోవాడు ఒకడున్నాడు. వాడి పేరు డబ్బా మీద లేదు. ఒక తెల్లటి పొడి. కలిపే గదిలో పెద్దాయనను అడిగాను.

"ఇదెక్కడిది మామా?"

"బస్తాలోంచి వచ్చింది."

"బస్తా ఎక్కడిది?"

"లారీలోంచి దిగింది."

"లారీ ఎక్కడిది?"

"తెల్లబరిచేది అదే. నీకెందుకు రా, నీ ఉత్తరాలు నువ్వు చూసుకో."

తండ్రి బస్తా, తాత లారీ, ఆపైన వంశం లేదు. చిటికెడు పొడి కాగితంలో కట్టి, పరీక్షశాలలో పనిచేసే నా చదువుకున్ననాటి స్నేహితురాలికి ఇచ్చాను. జవాబు వచ్చేదాకా ఆ పిల్లను క్రీము ముట్టుకోనివ్వకండి.

మీ మనవడు,
ఎర్కెబులాన్

తా.క. మా అమ్మ ఆర్నెల్లుగా ఇదే రాసుకుంటోంది. ఉద్యోగులకు ఊరికే ఇస్తే నేనే తెచ్చిచ్చాను. నిన్న చేతిలోంచి డబ్బా లాక్కుంటే, కన్నకొడుకు పిసినారివాడయ్యాడని పక్కింటికి వెళ్ళి చెప్పింది.


కోక్‌బులాక్, సెప్టెంబరు 3

నాన్నా,

కుశలం అడిగే ఓపిక లేదు, ఉన్నావనుకుంటాను.

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. పిల్ల ఆగలేదు. పిండి బస్తా వెనక డబ్బా ఉందని దానికి తెలుసు. ఇల్లంతా నిద్ర లేవకముందే రోజూ రాసుకుంది. మొదట్లో అద్దంలో చూసుకుంటే తన ఇరవయ్యో ఏట మొహమే తిరిగొచ్చినట్టుందని మురిసిపోయింది. ఇప్పుడు చెంపలు పొరలు పొరలుగా లేస్తున్నాయి. కళ్ళ కింద సీసం రంగు. నోట్లో ఏదో ఇనుము చప్పరించినట్టుంది.

పెళ్ళి వద్దంటోంది. ఏటి అవతల ఒడ్డున వరుడింటికి కబురు పంపెయ్యమంటోంది. "అందరి ముందూ ముసుగెత్తితే ఈ మొహం ఎక్కడ పెట్టుకోను?" అంటోంది. వరుడు మంచివాడు. నవ్వితే పక్క కొండ మీద మంద కూడా తలెత్తి చూస్తుంది. అలాంటివాణ్ణి వదులుకోమని నేను ఏ నోటితో చెప్పను? చెప్పకుండా ఎలా ఉండను?

ఇట్లు,
అపా

తా.క. కొండ ముళ్ళపొదకు కాసే నారింజరంగు పండ్ల నూనె మంచిదని, మంట తగ్గుతుందని దట్టంగా పట్టించాం. చెంచాడు చాలు, గిన్నెడు పోశాం. మొహం క్యారెట్టయింది. మచ్చ కనబడడం లేదు గాని, మొహమూ కనబడడం లేదు.


అల్మాటీ, సెప్టెంబరు 9

అపా,

ముందు ఈ పని చేయండి, మిగతాది తర్వాత చదవండి. రేపే పిల్లను జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. "క్రీములో పాదరసం ఉంది" అని చెప్పండి. మూత్రం పరీక్ష చేయమనండి. డబ్బా పారేయకండి, మూత బిగించి డాక్టరుకు చూపించండి. మొహానికి ఇప్పుడు ఏమీ వద్దు. నల్ల సబ్బు కూడా వద్దు. గోరువెచ్చటి నీళ్ళు చాలు.

అవును, పాదరసం. జ్వరం చూసే పాత గాజు గొట్టంలో ఎగబాకుతుందే, అదే. చర్మంలోంచి దిగి మూత్రపిండాల దాకా పోతుందట. స్నేహితురాలే పొడిని పరీక్ష చేసి కాగితం మీద రాసిచ్చింది. దాని వంశం కూడా కనుక్కున్నాను అపా. ఎర్రటి రాయిలోంచి పుడుతుంది. కొండ కన్నబిడ్డే. నేల నుంచి వచ్చినదంతా మంచిదని, అంగడి నుంచి వచ్చినదంతా చెడ్డదని ఇక జన్మలో అనను. తాతల్ని అడగడమొక్కటే దారి.

ఆ పరీక్ష కాగితం పట్టుకెళ్ళి తనిఖీ అధికారులకు ఇచ్చాను. గోదాముకు సీలు పడింది. డైరెక్టరు నన్ను పిలిచి, "మా ఏడు తరాల పరువు తీశావు" అన్నాడు. "మీ ఏడు తరాలు నాకు తెలుసండీ. ఆ పొడివి చెప్పండి" అన్నాను. ఉత్తరాల విభాగం మూసేశారు. అంటే నన్ను. అయినా నిజం చెబుతున్నాను, నాలుగేళ్ళలో నేను చదివిన ఉత్తరం మీదొక్కటే.

అమ్మను డాక్టరుకు చూపించాను. మానేశాం కనుక కోలుకుంటుందన్నారు.

మీ మనవడు,
ఎర్కెబులాన్

తా.క. అమ్మ ఒక మాట చెప్పమంది. అవతల ఒడ్డుకు కబురు పంపొద్దట. మొహం చూసి వచ్చినవాడైతే పోతే పోనీ, మనిషిని చూసి వచ్చినవాడైతే ఎలాగూ పోడు అంది.

మరో తా.క. మీ ఉత్తరం మీద మూడు చోట్ల క్యారెట్టు రంగు వేలిముద్రలు ఉన్నాయి. ఆ పిల్ల వయసెంత అపా?


కోక్‌బులాక్, సెప్టెంబరు 24

నా బంగారు ఎర్కెబులాన్,

నీ తలకు, మీ అమ్మ తలకు దిష్టి తీసి రాస్తున్నాను.

ఆ పిల్లకు అరవై ఆరేళ్ళు.

సిగ్గుపడి రాయలేదురా. నల్ల సబ్బు గొప్పలు ఊరంతా చెప్పే బాల్‌జాన్ అపా సంతలో తెల్లబడే క్రీము కొంటుంటే ఎవరైనా చూస్తారేమోనని గొర్రెలకు పట్టించే మందు అని చెప్పి కొంగులో దాచాను. ఏటికి అవతల ఒడ్డున గుర్రాలు కాసే తోరెగాలికి భార్య పోయి పదేళ్ళు, నాకు భర్త పోయి పదిహేనేళ్ళు. ఈ వసంతంలో వచ్చి, "రెండు పొయ్యిలకు రెండు కట్టెల మోపులు దండగ కదా" అన్నాడు. అంతే, బుర్ర తిరిగిపోయింది.

నువ్వు చెప్పినట్టే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నా డబ్బాను దీపం దగ్గర పెట్టి చూసి, "ఎలా కనిపెట్టారు పెద్దమ్మా?" అంది. తాతల్ని అడిగానన్నాను. రాసుకుంది. మందిచ్చింది, మళ్ళీ రమ్మంది.

నా వయసులో ముసుగేమిటి, ఒక గిన్నెడు పులావు వండుకు తింటే చాలనుకున్నాను. తోరెగాలి మనవలు వింటేనా. నా నెత్తిన తెల్ల ముసుగు కప్పి, నలభై మందిని పోగేసి, పేరు పేరునా చుట్టాల మీద పాట కట్టి పాడారు. ఒక్కొక్క పేరుకూ వంగి దండం పెడుతుంటే లోపల నా గుండె గుర్రాల పరుగులా ఉంది. పొరలు లేచిన చెంపలు, ఇంకా పూర్తిగా వదలని క్యారెట్టు రంగు. ఆ మచ్చ సంగతి చెప్పనే లేదు కదూ, అంత విషం పోసినా అది చెక్కుచెదరలేదు.

దొంబ్రా వాద్యం కాడతో ముసుగెత్తారు. పాట ఆగింది. తోరెగాలి దగ్గరికొచ్చి నా కుడి చెంప మీద వేలు పెట్టాడు.

"ఇదేం పని చేశావు బాల్‌జాన్? ముప్పై ఏళ్ళుగా మంచు పొగలో, ఏటి అవతల నీళ్ళు తోడేది ఎవరా అని చూస్తే, ముందు ఈ డెక్క మచ్చే కనబడేది. ఇది చూసి, ఉందిలే అనుకుని గుర్రాన్ని తిప్పుకునేవాణ్ణి. ఇది చెరిపేసుంటే నేను ఎవరింటికి రావాలి?"

ఇరవై తొమ్మిది పేర్లు చూసి నోరు వెళ్ళబెట్టినదాన్ని, ఆ మాటకు నోరు మూసుకుని నిలబడిపోయాను. నన్నొకరు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నారు, నాకు తెలియదు. దానికంటే పెద్ద వింత నేనీ లోకంలో ఎరగను.

ఇట్లు,
నీ అపా

తా.క. ఈ చలికాలం సబ్బు కాచడానికి నాకు చేతులు తక్కువ. ఉద్యోగం పోయినవాడివి, తాతల్ని కనిపెట్టడంలో ఆరితేరావు. మీ అమ్మను కూడా తీసుకురా. ప్రతి సబ్బు మీదా ఏడు తరాలూ రాయిద్దాం, చీమ కాళ్ళంత కాదు, గుర్రపు డెక్కంత అక్షరాలతో.

మరో తా.క. తోరెగాలి తాతల్ని అడిగావా అనుకుంటున్నావు కదూ. మొదటి రోజే అడిగాను. ఏడో తాత దాకా పేర్లు వేరు. ఎనిమిదోవాడు ఇద్దరికీ ఒకడే. ఒక్క తరంలో బతికిపోయాం.